కాలి నేర్పు – కంటి తీర్పు

ఫుట్‌బాల్ అనగానే సామాన్య ప్రేక్షకుని మనసులో మెదిలేది బలమైన కిక్కు, లేదా నలుగురిని తప్పించుకొని బంతితో దూసుకుపోయే ఆటగాడి రూపం. చప్పట్లు కూడా వానికే దక్కుతాయి. మన కళాశాల మైదానంలో సాయంత్రం వేళ జరిగే ఆటలోనూ ఇదే వరస. బంతి దొరికినవాడు తల వంచుకొని పరుగెత్తుతాడు. ప్రత్యర్థి మీదకు వచ్చేసరికి ఏమీ తోచక ఎటో ఒకవైపు తన్నివేస్తాడు. ఓటమి తరువాత "మన పిల్లలకు ఒత్తిడిని తట్టుకొనే ధైర్యం లేదు" అని పెద్దలు తేల్చివేస్తారు. ఈ తీర్పు సరైనది కాదని నా అభిప్రాయం. ఒత్తిడిలో తప్పటడుగు వేసినవాడు పిరికివాడు కానక్కరలేదు. ఆలోచించుకొనేందుకు వానికి కాలం మిగలలేదు, అంతే. ఆ కాలం ఎక్కడ జారిపోతున్నది, దానిని ఎలా మిగుల్చుకోవాలి అన్న విషయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, క్రీడల ఖర్చు వెచ్చాలు చూసే కమిటీ పెద్దల ముందు ఉంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు దృష్టాంతం కోసం దూరదేశాలు వెదకనక్కరలేదు. హైదరాబాదులో ఒక బడిపంతులు ఈ ప్రశ్నకు జవాబు కనుగొని, దానిని ఆసియా ఖండం ఎదుట నిరూపించి చూపారు. ఆయన దగ్గరకు వచ్చేముందు చిన్న లెక్క ఒకటి చూడాలి.

ఇరవై మీటర్ల దూరం నుంచి తోటి ఆటగాడు నేలబారుగా పాస్ ఇచ్చాడనుకుందాం. బంతి వేగం సెకనుకు 12 మీటర్లు అనుకుంటే అది మనలను చేరుటకు దాదాపు 1.7 సెకన్లు పడుతుంది. పాస్ బయలుదేరిన క్షణంలోనే, పది మీటర్ల దూరంలో ఉన్న ప్రత్యర్థి మన వైపు పరుగు ప్రారంభిస్తే అతడు ఇంచుమించు రెండు సెకన్లలో మన మీద ఉంటాడు. అంటే బంతి మన కాలికి తగిలిన తరువాత మనకు మిగిలేది సెకనులో మూడవ వంతు మాత్రమే. కంటికి ఒక సంకేతం కనబడి శరీరం కదలుటకే సెకనులో అయిదవ వంతు పడుతుంది. అదైనా చేయవలసిన పని ఒక్కటే అయినప్పుడు. 1952లో ఇంగ్లాండుకు చెందిన విలియం హిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీపాలతో, మీటలతో ప్రయోగాలు చేశాడు. ఎదుట ఉన్న మార్గాల సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ నిర్ణయానికి పట్టే కాలం ఇంచుమించు ఒకే మోతాదులో పెరుగుతూ పోతుందని ఆయన చూపాడు. మార్గం ఒక్కటైతే వెంటనే కదలగలం. రెండైతే కొంత ఆలస్యం, నాలుగైతే మరికొంత. మైదానంలో బంతి అందుకున్నవానికి నాలుగు కాదు, పది మార్గాలు కనబడవచ్చు. సెకనులో మూడవ వంతులో వాటిని తూచి చూచుట ఎవరికీ సాధ్యం కాదు, ఎంత ధైర్యవంతుడికైనా సరే.

ఈ లెక్కలోనే జవాబు కూడా ఉన్నది. బంతి వచ్చిన తరువాత కాలం లేదు. బంతి ప్రయాణిస్తున్నంతసేపూ కాలం ఉన్నది. ఆ 1.7 సెకన్లను అధిక సంఖ్యాకులు బంతినే చూస్తూ గడిపివేస్తారు. మంచి ఆటగాడు మాత్రం ఆ వ్యవధిలో ఒకటి రెండు పర్యాయాలు మెడ తిప్పి భుజం మీదుగా వెనుకకు చూస్తాడు. తన మీదకు వస్తున్నది ఎవరు, ఏ వైపు నుంచి, ఖాళీగా ఉన్న తనవాడు ఎక్కడ, ఈ మూడింటిని గ్రహించి తిరిగి బంతి మీదకు చూపు తెచ్చుకుంటాడు. నార్వే దేశపు పరిశోధకుడు గేర్ జోర్డెట్ ఇంగ్లాండు ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల తల కదలికలను వీడియోలలో పరిశీలించాడు. బంతి అందకముందు ఎక్కువసార్లు చుట్టూ చూచేవారి పాస్‌లే ఎక్కువగా గమ్యం చేరుతున్నాయని ఆయన పరిశీలనలో తేలింది. పని చిన్నదే. అయితే ఒత్తిడి పెరిగినకొద్దీ మనిషి మొట్టమొదట మానివేసేది కూడా ఈ పనే. భయం కలిగినప్పుడు మన దృష్టి ఇరుకైపోతుంది, చుట్టుపక్కల సంకేతాలు మనసుకు అందవు. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం రెండవ పుట తిప్పి చూడని విద్యార్థిని మనం ఎరుగుదుము కదా! ఇదీ అటువంటిదే.

ఇక పాదాల సంగతి. కన్ను తీర్పు చెప్పినంత మాత్రాన చాలదు, ఆ తీర్పును అమలుపరచుటకు పాదాలు ముందే సిద్ధంగా ఉండాలి. మడమలు రెండూ నేలకు అంటించి నిలబడినవాడు కదలుటకు ముందు ఒకసారి బరువు మార్చుకోవలసి వస్తుంది. ఆ ఒక్క కదలికలోనే మిగిలిన కొద్ది కాలమూ ఖర్చయిపోతుంది. కనుక బంతి వచ్చేవేళ మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదాల ముందు భాగంపై ఉంచి, చిన్న చిన్న అడుగులతో కదులుతూ ఉండాలి. పెద్ద అంగ వేసినవాడు, ఆ కాలు నేలకు దిగేవరకు మనసు మార్చుకోలేడు. దేహాన్ని బంతికి ఎదురుగా కాక ఒక ప్రక్కకు తిప్పి నిలిచితే సగం మైదానం వెనుకకు పోకుండా కంటి ముందు ఉంటుంది. బంతిని పంపినవానికి దూరంగా ఉన్న కాలితో అందుకుంటే, అందుకొనుటయు తిరుగుటయు ఒకే కదలికలో పూర్తవుతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది తన్నే కాలు కాదు, నేలపై నిలిచి ఉన్న కాలు. దాని వేళ్లు ఎటు చూస్తుంటే బంతి సాధారణంగా అటు పోతుంది. పాస్ తప్పినప్పుడు మనవాళ్లు తన్నిన కాలిని తిట్టుకుంటారు. దోషం చాలాసార్లు రెండవ కాలిది.

అడుగుకు, ఆలోచనకు ఉన్న ఈ బంధాన్ని బాహాటంగా చూడగోరేవారు అమెరికా కళాశాలల ఆటను గమనించవచ్చు. మన గోదావరి జిల్లాల నుంచి పై చదువులకు అక్కడికి వెళ్లిన యువకులు శనివారాలలో వేలాది జనంతో నిండిపోయే ఆ క్రీడాంగణాలను చూచే ఉంటారు. వారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో బంతి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎక్కువగా చేతులతోనే ఆడతారు. మన ఆటకు దానికి చుట్టరికం దూరమే. అయినా అందులో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడి అవస్థ మనకు ఉపకరిస్తుంది. బంతి చేతికి అందగానే అతడు వెనుకకు మూడు, అయిదు, లేదా ఏడు అడుగులు వేస్తాడు. ఈలోగా అతని వైపువారు ముందుగా నిర్ణయించిన దారులలో పరుగెత్తుతుంటారు. భారీకాయులైన ప్రత్యర్థులు అతనిని నేల కూల్చుటకు మీదకు వస్తుంటారు. అతనికి సాధారణంగా దొరికేది రెండున్నర మూడు సెకన్లు. ఆ అడుగుల సంఖ్య ఊరకనే పెట్టినది కాదు, అదే అతని గడియారం. అయిదవ అడుగు నేలను తాకిన క్షణంలో మొదటి మిత్రుడు ఎక్కడ ఉండాలో అతనికి ముందే తెలుసు. అతడు ఖాళీగా ఉంటే బంతి వెళుతుంది. లేకుంటే చిన్న కదలికతో రెండవవాని వైపు, తరువాత మూడవవాని వైపు చూపు తిప్పుతాడు. 1977, 1978 సంవత్సరాలలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడుగా ఉన్న బిల్ వాల్ష్ ఈ అడుగుల లెక్కను శాస్త్రంగా తీర్చిదిద్దిన వారిలో ప్రముఖుడు. చూచేవారికి ఆ యువకుడు మూడు సెకన్లలో మహాద్భుతమైన నిర్ణయం చేసినట్లుంటుంది. నిజానికి పది మార్గాలను మూడుగా కుదించి, ఆ మూడింటికి వరుస ఏర్పరచిన పని వారం రోజుల సాధనలోనే జరిగిపోయింది.

ఈ సూత్రాన్నే, అంతకు చాలాకాలం ముందే, మన గుండ్రని బంతి ఆటలో ప్రయోగించినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాలలలో ఉపాధ్యాయ వృత్తి చేసిన వ్యక్తి. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. హైదరాబాదు వారికి ఆయన 'రహీం సాబ్'. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. కలకత్తా మహాజట్లు దేశాన్ని ఏలుతున్న రోజులలో అది సామాన్య విషయం కాదు. భారత జట్టు శిక్షకుడుగా 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓటమినీ చవిచూశారు. అప్పటికి మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఆడేవారు. హెల్సింకీ తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. వట్టి పాదంతో బంతి స్పర్శ ఎరిగినవారికి తోలు బూటులో మొదటి తాకిడిని మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఓనమాలు రెండవసారి దిద్దుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

రహీం పద్ధతులలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు. ఆయన హైదరాబాదులో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నిర్వహించారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా నిర్వహించారు. పైకి ఇవి పిల్లల వేడుకలవలె కనిపిస్తాయి. లోతుగా చూస్తే, పైన చెప్పుకొన్న లెక్కకు ఇవే సరియైన విరుగుడు.

డ్రిబ్లింగ్ లేని ఆటలో బంతి అందుకున్నవానికి ఒకే ప్రశ్న మిగులుతుంది: ఎవరికి ఇవ్వాలి? దానికి జవాబు బంతి వచ్చిన తరువాత వెదికితే ఆలస్యమవుతుంది. కాబట్టి ఎవరూ చెప్పకుండానే వాడు ముందుగా తల ఎత్తి చూచుట నేర్చుకుంటాడు. శిక్షకుడు గొంతు చించుకొని "చుట్టూ చూడు, చుట్టూ చూడు" అని అరవవలసిన పని ఉండదు, ఆట నియమమే అరుస్తుంది. అంతేకాదు, బంతి లేనివారు కూడా పరుగు మానలేరు. మిత్రుని దగ్గర బంతి నిలవదని తెలుసు గనుక వానికి దారి చూపుటకు ఖాళీలోకి కదలక తప్పదు. ఒక్క నియమంతో పదకొండు మందికి పని పెట్టుట ఉపాధ్యాయుడైనవానికే తట్టే ఉపాయమని నాకు అనిపిస్తుంది.

బలహీన పాదపు పోటీ ఇంకా సూక్ష్మమైనది. కుడికాలు ఒక్కటే ఎరిగినవాని ఎడమ ప్రక్కకు బంతి వస్తే ఏం జరుగుతుంది? వాడు దానిని ఆపి, దేహాన్ని చుట్టు తిప్పి, కుడికాలి మీదకు మార్చుకుంటాడు. ఆ మార్పుకు రెండు అడుగులు పడుతుంది. ప్రత్యర్థికి కావలసినదీ ఆ రెండు అడుగులే. పైగా వాడు ఏ వైపు తిరుగుతాడో చూచేవాడికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ పలికేవానికి మార్గాలు ఎక్కువై నిర్ణయం ఆలస్యం కాదా, హిక్ చెప్పినది అదే కదా అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని రెండవ కాలు నేర్చినవాడు కొత్తగా ఎన్నుకోవలసిన మార్గమేమీ ఉండదు. ఎటు పంపాలో కన్ను ముందే నిర్ణయించింది. ఏ కాలికి బంతి వస్తే ఆ కాలు పంపుతుంది. పెరిగిన సందేహమంతా ఎదుటివానిది.

డ్రిబ్లింగ్ నిషేధిస్తే ఆటలోని అందం, వ్యక్తిగత ప్రతిభ నశించిపోవా అన్న ఆక్షేపణ ఒకటి ఉన్నది. రహీం శిక్షణలో ఎదిగిన తులసీదాస్ బలరాం (1936–2023) దానికి తగిన సమాధానం. సికిందరాబాదు సమీపాన అమ్ముగూడలో పుట్టిన ఈ ఫార్వర్డ్, బంతిని కాలి చుట్టూ తిప్పుటలోనూ, పాస్ ఇచ్చుటలోనూ సమానమైన నేర్పరి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. సాధనలో పెట్టిన నిషేధం పోటీలో ఉండదు కదా! తప్పనిసరి అయినప్పుడు మాత్రమే డ్రిబ్లింగ్ వాడుట అలవాటైనవాడు దానిని ప్రత్యర్థి ఊహించని చోట వాడగలడు. ప్రతిసారీ వాడేవాని డ్రిబ్లింగ్ ఎవరినీ ఆశ్చర్యపరచదు.

నిర్ణయ భారాన్ని ఎదుటివాని నెత్తిన వేయుట కూడా ఈ విద్యలో భాగమే. 1953లో వెంబ్లీ మైదానంలో హంగెరీ జట్టు ఇంగ్లాండును 6–3 తేడాతో ఓడించినప్పుడు, హిదెగ్‌కుతి అనే సెంటర్ ఫార్వర్డ్ ముందు వరుసలో నిలవక వెనుకకు జరిగి ఆడాడు. అతనిని కాపలా కాయవలసిన ఇంగ్లీషు సెంటర్ హాఫ్ వెంట వెళ్లాలో, తన చోటనే ఉండాలో తేల్చుకోలేకపోయాడు. వెళితే వెనుక ఖాళీ, వెళ్లకుంటే హిదెగ్‌కుతికి స్వేచ్ఛ. ఆ మ్యాచ్‌లో అతడు మూడు గోల్స్ చేశాడు. ఇటువంటి పన్నుగడను రహీం కూడా భారత జట్టులో ప్రవేశపెట్టారు. 1956 మెల్బోర్న్‌లో మనవారు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. నెవిల్ డిసూజా మూడు గోల్స్ చేశాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, బలరాం వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ జట్టులో ఉన్నారు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందుగా గోల్ చేసినది మనమే. చివరకు 4–1తో ఓడినా, నాలుగేండ్ల క్రితపు 10–1తో పోల్చి చూస్తే పాదాలు, కన్నులు ఎంత నేర్చుకొన్నవో తెలుస్తుంది.

ఒత్తిడి అనే మాటకు నిజమైన అర్థం 1962 జకార్తాలో కనబడింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆ ఆసియా క్రీడలకు రానీయనందుకు భారతీయ ప్రతినిధి జి. డి. సోంధీ చేసిన విమర్శ స్థానికులకు ఆగ్రహం కలిగించింది. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. మన జట్టు మైదానంలో అడుగుపెడితే వేలాది గొంతులు ఎగతాళి చేసేవి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. థాయ్‌లాండ్‌తో ఆటలో ప్రధాన రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. శిక్షకుడు రహీం అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నారు.

ఇక్కడ రహీం చేసినదే నా దృష్టిలో ఆ క్రీడలన్నింటిలోకీ గొప్ప నిర్ణయం. తలకు కట్టుతో ఉన్న రక్షకుడు గాలిలో వచ్చే బంతులతో తలపడలేడు. అలాగని ఆయన అతనిని కూర్చోబెట్టలేదు. జర్నైల్ సింగ్ పంజాబులో విద్యార్థిగా ఉన్నప్పుడు సెంటర్ ఫార్వర్డుగా ఆడినవాడు. ఆ పాత అలవాటును గుర్తుంచుకొని రహీం అతనిని సెమీఫైనల్లో, ఫైనల్లో ముందు వరుసలో నిలిపారు. దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచి ఫైనల్ చేరారు. సెప్టెంబరు 4న, తమను ఓడించిన కొరియానే తిరిగి ఎదుర్కొన్నారు. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. కొరియా ఆట చివరలో ఒక గోల్ చేయగలిగింది, 2–1తో స్వర్ణం మనది. లక్షమంది ఎగతాళి మధ్య తలకు కట్టుతో ఉన్న ఆ ఆటగాడు ఏమి ఆలోచించాడో గాని, అతని పాదాలకు మాత్రం ఆ చోటు కొత్త కాదు. ఎన్నో ఏండ్ల క్రితం కళాశాల మైదానంలో నేర్చిన అడుగులే అవి. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకొన్నది. అటు తరువాత మన రాష్ట్రానికి ఆ ట్రోఫీ తిరిగి రాలేదు. 1960 తరువాత భారతదేశం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అడుగుపెట్టలేదు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రం వలన ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది, సంతోషమే. కాని చలనచిత్రానికి గోల్ కావాలి, జెండా కావాలి. బలహీన పాదంతో ఆడించిన సాయంత్రాలు వెండితెరకు అంతగా పనికిరావు. మనకు పనికివచ్చేవి అవే.

కమిటీ పెద్దలకు మనవి చేయునది ఏమనగా, ఈ పద్ధతులకు పైసా ఖర్చు లేదు. జట్టు ఎంపిక నాడు ఎవరు ఎంతమందిని తప్పించుకుపోయారని చూచే బదులు, బంతి రాకముందు తల తిప్పి చూచినవాడు ఎవరని ఒక అధ్యాపకుడు గట్టున కూర్చొని కాగితం మీద గుర్తు వేసుకుంటే చాలు. వారానికి రెండు సాయంత్రాలు, ఒకనాడు డ్రిబ్లింగ్ లేకుండా, ఒకనాడు ఎడమకాలితో (ఎడమవాటం వారికి కుడికాలితో), అయిదుగురేసి జట్లుగా చిన్న చదరంలో ఆడించవచ్చు. చదరం ఎంత ఇరుకైతే ఒత్తిడి అంత ఎక్కువ. సాధన ముదిరినకొద్దీ హద్దులు దగ్గరకు జరపాలి. విద్యార్థినులకు కూడా ఇదే పద్ధతి. మొదటి రెండు వారాలు ఆట వికారంగానే ఉంటుంది, చూచేవారు నవ్వుతారు. బంతి ఎడమకాలికి తగిలి కాలువ గట్టు దాటిపోతుంది. మూడవ వారానికి నవ్వేవారి సంఖ్య తగ్గుతుంది.

మన డెల్టా నేలకు సంబంధించిన మాట ఒకటి మిగిలింది. ఇది ఒండ్రుమట్టి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా మైదానం పూర్తిగా ఆరదు. అందువలన ఆ నెలలలో సాధన నిలిపివేయుట మనకు ఆనవాయితీ. నిజానికి తడినేల నిలిచే కాలికి మంచి గురువు. పెద్ద అంగ వేసినవాడు జారుతాడు, చిన్న అడుగులవాడు నిలుస్తాడు. మడమ ముందు మోపినవాడు కూలబడతాడు, పాదం సమంగా మోపినవాడు బంతి పంపగలుగుతాడు. నీటిగుంటలో పాస్ ఆగిపోతుంది గనుక ఎక్కడ తడి, ఎక్కడ పొడి అని ముందే చూచి పెట్టుకొనుట కూడా అలవాటవుతుంది. పిడుగుల వాన కురిసే వేళ, మోకాలి లోతు నీరు నిలిచిన రోజున తప్ప మిగిలిన దినాలలో ఆడించవచ్చు. సున్నపు గీతలు వానకు కొట్టుకుపోతాయి గాని, చదరానికి నాలుగు మూలలా నాలుగు కొబ్బరి డొక్కలు పెడితే సరిపోతుంది.